కుక్కల క్యాన్సర్ టీకా, ఇమ్యునోథెరపీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: క్యాన్సర్ టీకా వేయిస్తే ఆపరేషన్ అవసరం ఉండదు.

పశువైద్యంలో నేను చూసినంతవరకు పెంపుడు జంతువులకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. చిగుళ్లపై నల్లటి కణితితో వచ్చిన కుక్కకు బయాప్సీలో మెలనోమా (రంగు కణాల్లో పుట్టే క్యాన్సర్) అని తేలిన తరువాత, దవడ ఎముకలో కొంత భాగంతో సహా కణితిని తీసివేయాలని చెప్పగానే, "అమెరికాలో దీనికి టీకా ఉందట కదండీ, కోత లేకుండా దానితో నయం చేయలేరా?" అని యజమానులు అడుగుతారు.

టీకా ఉన్న మాట నిజమే. ఆన్‌సెప్ట్ అనే ఆ టీకాకు అమెరికా వ్యవసాయ శాఖ 2007లో షరతులతోను, 2010లో పూర్తిస్థాయిలోను లైసెన్సు ఇచ్చింది. మెలనోమా కణాల్లో టైరోసినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. కుక్క శరీరం తన టైరోసినేజ్‌ను తనదిగానే గుర్తించి దాని జోలికి పోదు. అందుకే కొద్దిపాటి తేడా ఉన్న మనిషి టైరోసినేజ్ జన్యువును డీఎన్‌ఏ రూపంలో, సూది లేని పరికరంతో తొడ కండరంలోకి పంపి, దానిపై పుట్టే రోగనిరోధక స్పందన కుక్క సొంత మెలనోమా కణాలపైకి కూడా మళ్లేలా చేయాలన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. రెండు వారాలకు ఒకటి చొప్పున నాలుగు మోతాదులు, ఆపై ప్రతి ఆరు నెలలకు ఒక బూస్టర్ ఇస్తారు.

అయితే ఆ లైసెన్సు రెండవ, మూడవ దశల నోటి మెలనోమాకు, అది కూడా నోటిలోని కణితిని, వ్యాధి సోకిన లింఫ్ గ్రంథులను శస్త్రచికిత్సతోనో రేడియేషన్‌తోనో ముందే అదుపులోకి తెచ్చిన కుక్కలకు మాత్రమే వర్తిస్తుంది. ఈ షరతుకు బలమైన కారణం ఉంది. రోగనిరోధక స్పందన బలపడటానికి వారాలు పడుతుంది, మెలనోమా ఆ వారాలు ఆగదు. పైగా పెద్ద కణితి తన చుట్టూ, క్యాన్సర్‌ను చంపే రోగనిరోధక కణాలైన టీ కణాలను నిర్వీర్యం చేసే పరిస్థితిని కల్పించుకుంటుంది. కాబట్టి కంటికి కనిపించే గడ్డను కరిగించడం కాక, ఆపరేషన్ తరువాత మిగిలిపోయిన సూక్ష్మకణాలను వెతికి చంపడమే ఈ టీకా నుంచి ఆశించదగిన పని. ఆ పనిలో కూడా ఫలితాలు ఏకరీతిగా లేవు. టీకా వేసిన కుక్కలను, వేయని కుక్కలను పోల్చి చూసిన తరువాతి అధ్యయనాల్లో కొన్నింటిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

పిల్లుల ఫైబ్రోసార్కోమా అనే క్యాన్సర్‌కు 2013లో యూరప్‌లో అనుమతి పొందిన, రోగనిరోధక కణాలను ప్రేరేపించే ఇంటర్‌ల్యూకిన్-2 చికిత్స కూడా శస్త్రచికిత్సకు, రేడియేషన్‌కు తోడుగా ఇచ్చేదే. మన ఎద్దుల కొమ్ము క్యాన్సర్‌లో, కణితి కణజాలంతోనే తయారుచేసిన టీకాను కొమ్మును మొదలంటా తీసివేసిన తరువాత పశువైద్యులు వాడి చూశారు.

నా దగ్గరకు వచ్చిన ఒక కాకర్ స్పానియల్‌కు మొదటిసారి చూసినప్పుడు కణితి 2 సెంటీమీటర్ల లోపే ఉంది. ఆ కొలత దాటకముందే తీసివేస్తే ఏడాదికి పైగా బతికే అవకాశం బాగుంటుంది. డాలస్‌లో ఉన్న అబ్బాయి టీకా తెస్తాడని ఆ కుటుంబం ఎదురుచూసింది. ఆ టీకాను కేవలం నిపుణుల ద్వారానే ఇస్తారు, దానికి ప్రత్యేక పరికరం కావాలి, శీతల రవాణా కావాలి. చివరికి అది రాలేదు. కొన్ని వారాల తరువాత వచ్చినప్పుడు దవడ కింది లింఫ్ గ్రంథి నా వేళ్లకు గట్టిగా తగిలింది. డబ్బుకు వెనకాడి ఆగిన మనుషులు కారు వారు. దవడ కోస్తే తమ కుక్క ఇక తినలేదేమోనన్న భయమే వారిని ఆపింది. ఆ భయం ఉన్నవారందరికీ చెబుతున్నాను: దవడలో కొంత భాగం తీసిన కుక్కల్లో అత్యధికం కొద్ది రోజుల్లోనే మెత్తటి ఆహారం తాముగా తినడం మొదలుపెడతాయి.

అపోహ: ఇమ్యూనిటీ పెంచే పొడులు, పసుపు ఉండలు పెడితే కణితి కరిగిపోతుంది.

ఈ ప్రచారం ఎక్కడ పుడుతుందో నాకు అర్థమవుతుంది. వయసులో ఉన్న కుక్కలకు బొత్తాంలా ఎర్రగా లేచే హిస్టియోసైటోమా అనే నిరపాయకరమైన గడ్డను వాటి సొంత టీ కణాలే రెండు మూడు నెలల్లో తుడిచిపెడతాయి. వీధి కుక్కల్లో తరచూ కనిపించే టీవీటీ, అంటే సంపర్కం ద్వారా ఒక కుక్క నుంచి మరొక కుక్కకు సజీవ కణాలుగా సోకే కణితి, రోగనిరోధక శక్తి బాగున్న కుక్కల్లో ఒక్కోసారి దానంతటదే తగ్గుతుంది. ఆ సమయంలో ఏ పొడి పెడితే ఆ పొడికే పేరు వస్తుంది. టీవీటీ తగ్గుతుందేమోనని ఎదురుచూడటం కూడా తప్పే, వారానికొక విన్‌క్రిస్టీన్ అనే కీమోథెరపీ ఇంజెక్షన్‌తో అత్యధిక కుక్కలకు అది పూర్తిగా నయమవుతుంది.

అపోహ: మనుషుల ఇమ్యునోథెరపీ మందునే తక్కువ మోతాదులో ఇవ్వవచ్చు.

ఇవ్వకూడదు. మనుషుల లింఫోమాలో (లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌లో) వాడే రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు కుక్క కణాలకు అతుక్కోనే అతుక్కోదు. కుక్క కోసమే మలిచిన గిల్వెట్‌మాబ్ అనే యాంటీబాడీకి 2023లో, మాస్ట్ సెల్ ట్యూమర్ అనే చర్మపు క్యాన్సర్‌కు, మెలనోమాకు, అమెరికాలో షరతులతో కూడిన లైసెన్సు వచ్చింది.

అపోహ: సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది.

చర్మం మీది గడ్డల్లో సన్నని సూదితో నమూనా తీస్తే అలా జరగడం అత్యంత అరుదు. ఆ పరీక్ష లేకుండా ఏ చికిత్సనూ నిర్ణయించలేము.

అపోహ: ముందు ఒక స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇప్పించి చూద్దాం, గడ్డ తగ్గితే క్యాన్సర్ కానట్టే.

లింఫోమా గ్రంథులు ప్రెడ్నిసోలోన్ అనే స్టిరాయిడ్‌తో మంచులా కరుగుతాయి, యజమాని ఊపిరి పీల్చుకుంటాడు, కొన్ని వారాలకు అవి తిరిగి వస్తాయి. అప్పటికి నమూనాలో రోగం సరిగా కనిపించకపోవచ్చు, కీమోథెరపీకి కణాలు మొండికేసే అవకాశం పెరుగుతుంది. రోగనిరోధక శక్తితో పనిచేయించాల్సిన చికిత్సకు ముందు ఆ శక్తిని అణచే మందు ఇవ్వడంలో అర్థం లేదు. ఇప్పటికే ఎక్కడైనా స్టిరాయిడ్ ఇప్పించి ఉంటే సంకోచించకుండా ఆ సీసానో, చీటీనో వెంట తీసుకురండి, ఇచ్చిన తేదీ చెప్పండి. ఆ వివరాన్ని బట్టే నమూనా ఎప్పుడు తీయాలో నిర్ణయిస్తాము.