మేత భూముల నుంచి చట్టసభకు: డీన్ రోడ్స్ రాజేసిన తగాదా

2025 జూన్‌లో అమెరికా సెనేట్ ముందున్న ఒక భారీ బడ్జెట్ బిల్లులోకి చిన్న ప్రతిపాదన ఒకటి దూరింది. పడమటి రాష్ట్రాల్లోని కేంద్ర ప్రభుత్వ భూముల్లో కొన్ని లక్షల ఎకరాలు అమ్మెయ్యాలన్నది దాని సారం. తెచ్చింది యూటా సెనేటర్ మైక్ లీ. వేటకు వెళ్లేవాళ్లు మండిపడ్డారు, సొంత పార్టీ సెనేటర్లే అడ్డం తిరిగారు. నెల తిరక్కుండానే ఆయన దాన్ని వెనక్కి తీసుకున్నాడు. అదే ఏడాది జనవరిలో, 1.85 కోట్ల ఎకరాల మీద యూటా రాష్ట్రం వేసిన దావాను సుప్రీంకోర్టు విచారణకే తీసుకోలేదు. ఈ తగాదా ఇంత మొండిగా ఎందుకు సాగుతోందో అర్థం కావాలంటే, 1979లో నెవాడా అసెంబ్లీలో డీన్ రోడ్స్ అనే రాంచర్ (పశువుల మందలు పెంచే రైతు) పెట్టిన బిల్లు దగ్గరికి వెళ్లాలి.

నెవాడాలో ఐదింట నాలుగు వంతుల నేల కేంద్రానిది. 1864లో రాష్ట్రంగా చేరేటప్పుడే, ఎవరికీ దఖలు పడని భూముల మీద మాకు ఏ హక్కూ లేదని నెవాడా రాసిచ్చింది. వాన తక్కువ, కంటికి ఆనినంత మేరా సేజ్‌బ్రష్ పొదలే. సాగు చేసుకునేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే 160 ఎకరాల హోమ్‌స్టెడ్ పట్టాతో అక్కడ ఒక కుటుంబం కూడా బతకలేదు. అందుకని రాంచర్లు నీళ్లున్న చోట కొంత భూమి సొంతం చేసుకుని, చుట్టూ ఉన్న సర్కారు నేలలో మందలను మేపుకున్నారు. 1934లో టేలర్ గ్రేజింగ్ చట్టం వచ్చాక దానికి పర్మిట్టు, పుల్లరి వచ్చాయి. పుల్లరి అనగానే మనకు పల్నాడు, కన్నెగంటి హనుమంతు గుర్తుకొస్తారు కానీ నెవాడా రాంచర్‌ని ఆ గాటన కట్టలేం. ఆవూ దూడా జంటకు 2025లో కూడా నెలకు 1.35 డాలర్లే కట్టాడతను. ప్రైవేటు మేత భూమికైతే దీనికి ఎన్నో రెట్లు కట్టాలి.

మరి కడుపుమంట దేనికి? 1970ల్లో వరసగా వచ్చిపడిన చట్టాలు చూడండి. 1971లో అడవి గుర్రాలకు రక్షణ కల్పించారు. ఆ గుర్రాల్లో సగానికి పైగా ఉండేది నెవాడాలోనే, అవి తినేది ఆవుల మేతే. 1974లో, మేత పర్మిట్లకు ముందు పర్యావరణ ప్రభావాన్ని ప్రాంతాలవారీగా తేల్చాలని కోర్టు తీర్పిచ్చింది. ఇక 1976 నాటి చట్టమైతే ఈ భూములు సాధారణంగా కేంద్రం చేతిలోనే ఉంటాయని తేల్చేసింది. నా దృష్టిలో అసలు దెబ్బ ఇదే. ఎప్పటికైనా ఈ నేల మాదవుతుందని తరాలుగా లోలోపల పెట్టుకున్న ఆశకు ఆ ఏడాదితో చెల్లుచీటీ పడింది.

సరిగ్గా అదే ఏడాది రోడ్స్ అసెంబ్లీకి ఎన్నికయ్యాడు. ఎల్కో కౌంటీలో, టస్కరోరా అనే పాత గనుల ఊరి దగ్గర ఆయన రాంచ్. రిపబ్లికన్. 1979లో ఆయన తెచ్చిన 413వ నంబరు బిల్లు, కేంద్ర భూములను చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చేతిలో ఉన్న దాదాపు 4.9 కోట్ల ఎకరాలు రాష్ట్రానివేనని ప్రకటించింది. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ మొత్తం విస్తీర్ణం కంటే అది ఎక్కువ. బిల్లు చట్టమైంది. పత్రికలు దీన్ని సేజ్‌బ్రష్ తిరుగుబాటు అన్నాయి. ఎంఎక్స్ అణు క్షిపణులను నెవాడా, యూటా లోయల్లో పెడతామని అదే కాలంలో కార్టర్ ప్రభుత్వం అనడం మంటలో నెయ్యి పోసింది. మరుసటి ఏడాది యూటా, వయోమింగ్, న్యూమెక్సికో, అరిజోనా కూడా ఇలాంటి చట్టాలే చేశాయి. అరిజోనాలో గవర్నర్ బ్రూస్ బాబిట్ వీటో చేస్తే శాసనసభ దాన్ని తోసిపుచ్చింది. ఆ బాబిట్ కూడా రాంచర్ల ఇంటి బిడ్డే! 1993లో కేంద్రంలో ఇంటీరియర్ మంత్రి (ఈ భూముల శాఖను చూసే మంత్రి) అయ్యాక పుల్లరి పెంచబోయి చేతులు కాల్చుకున్నదీ ఆయనే.

1980 ఎన్నికల ప్రచారంలో రీగన్ తాను కూడా ఈ తిరుగుబాటుదారుల్లో ఒకడినేనన్నాడు. గెలిచాక జేమ్స్ వాట్‌ని ఇంటీరియర్ మంత్రిని చేశాడు. వాట్ రాంచర్లతో మంచి పొరుగువాడిలా ఉంటానన్నాడు, మేపే పశువుల సంఖ్య మీద పెట్టిన కోతలు సడలాయి. 1981లో, అప్పటికే నడుస్తున్న వేరే దావాలో, ఈ భూముల మీద నెవాడా వాదనను ఫెడరల్ కోర్టు కొట్టేసింది. అప్పటికే వాషింగ్టన్‌లో తలుపులు తెరుచుకున్నాయి కనుక ఆ ఓటమి ఎవరికీ పెద్దగా నొప్పనిపించలేదు.

తమాషా 1982లో జరిగింది. దేశం అప్పు తీర్చడానికి ప్రభుత్వ భూములను వేలం వేస్తే పోలేదా అని రీగన్ యంత్రాంగమే అంది. వెంటనే రాంచర్లు ఉలిక్కిపడ్డారు. మార్కెట్ ధరకు కొనే స్తోమత ఎంతమందికుంది? పక్కనున్న గనుల కంపెనీయో, రియల్ ఎస్టేట్ వ్యాపారో పాడుకుంటే పర్మిట్టు గతేమిటి? రాష్ట్రం చేతికొచ్చినా భరోసా లేదు. బడుల కోసమని నెవాడాకు దక్కిన 27 లక్షల ఎకరాల్లో ఈనాడు మిగిలింది సుమారు 3 వేలు, మిగతాదంతా ఎప్పుడో అమ్మేసుకుంది. యాజమాన్యం పేరుతో మొదలైన గొడవ నిజానికి కౌలు షరతుల గురించేనని అప్పుడు బయటపడింది. రోడ్స్ కోరుకున్నది ఆ షరతుల్లో మార్పే అయితే, కోర్టులో ఓడినా ఆయన గెలిచినట్టే.

1984లో రాష్ట్ర సెనేట్‌కు వెళ్లిన రోడ్స్ 2012 దాకా అక్కడే ఉన్నాడు. పదవీకాల పరిమితి అడ్డురాకపోతే ఇంకా ఉండేవాడేమో. 2018లో, 82 ఏళ్ల వయసులో చనిపోయాడు. 1993 నుంచి పుల్లరి కట్టడం మానేసిన నెవాడా రాంచర్ క్లైవెన్ బండీ 2014లో తుపాకులు పట్టిన మద్దతుదారులతో బంకర్‌విల్ దగ్గర అధికారులకు ఎదురు నిలిచాడు. ఆ ఘటనకు కూడా రోడ్స్‌నే మూలపురుషుణ్ణి చేసేవాళ్లున్నారు. కోపం ఒక్క చోటే పుట్టిందన్న మాట నిజమే కానీ, ఆయన పట్టుకున్నది బిల్లు కాగితం. సభలో ఓట్లు కూడగట్టుకున్నాడు, తన పర్మిట్టు నిలబెట్టుకున్నాడు. 1979 నాటి చట్టం నెవాడా శాసన గ్రంథంలో నేటికీ ఉంది. దాని బలంతో రాష్ట్రానికి ఒక్క ఎకరమూ దఖలు పడలేదు.