విషపు చెత్తను తగలేస్తే పోతుందా?

రాజురా, గఢ్‌చందూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లు, చుట్టూ బొగ్గు గనులు. మరాఠీతో పాటు తెలుగూ వినిపించే ఈ చంద్రాపూర్ జిల్లాలో "విషపు చెత్తను పూడ్చడమెందుకు, తగలేస్తే పోదా?" అని అడిగేవాళ్లుంటారు. కొంత పోతుంది. సాల్వెంట్లు, పాతబడిన పురుగుమందులు, పెయింటు మడ్డి, నూనె గుడ్డలు కాలిపోతాయి. సీసం, కాడ్మియం మూలకాలు కాబట్టి ఎంత మంటపెట్టినా బూడిదలో మిగులుతాయి. పాదరసం ఆవిరై పొగతో పోతుంది.

పూడ్చితే అడుగున బంకమట్టి, దాని మీద ప్లాస్టిక్ షీటు పరిచినా, లోపలికి దిగిన వాననీరు విషపు ఊటగా మారుతుంది. గుంత నిండి మూసేశాక కూడా ఏళ్ల తరబడి ఆ ఊటను తోడి శుద్ధి చేయాల్సిందే.

కాల్చే కొలిమికి, అంటే ఇన్సినరేటర్‌కు, రెండు గదులు కావాలి. మొదటిది మెల్లగా తిరిగే వాలు గొట్టం. అక్కడ పుట్టిన వాయువులు రెండో గదిలో కనీసం 1100 డిగ్రీల దగ్గర రెండు సెకన్లు ఉండాలి. చెడేది ఎక్కువగా ఇక్కడే. సాల్వెంటు డ్రమ్ము ఒకేసారి తోస్తే ఆక్సిజన్ చాలక కార్బన్ మోనాక్సైడ్ ఎగబాకుతుంది. తడి మడ్డి ఎక్కువైతే వేడి పడిపోతుంది. అందుకే మంట కన్నా ముందు కలపడమే అసలు పని: తడీ పొడీ, క్లోరిన్ ఉన్నదీ లేనిదీ సమంగా కలిపి కొద్దికొద్దిగా వేయాలి. వేడి తగ్గితే ఫీడు, అంటే చెత్త లోపలికి వెళ్లడం, దానంతటదే ఆగిపోవాలి.

ఆ తర్వాత చల్లార్చడం. 450 నుంచి 200 డిగ్రీల మధ్య పొగ నిదానిస్తే, బూడిద రేణువుల మీద డయాక్సిన్లు అనే క్లోరిన్ కలిసిన తీవ్రమైన విషాలు మళ్లీ పుడతాయి. నీళ్లు చిమ్మి క్షణాల్లో దాటించాలి. నాజిల్ ఒకటి పూడుకుపోతే పొగ వేడిగానే వెళ్లి, దుమ్మును పట్టే బ్యాగ్ ఫిల్టర్ గుడ్డను పాడుచేస్తుంది. మరీ చల్లారితే ఆమ్లం చెమ్మగా దిగి ఇనుమును తినేస్తుంది. చివరికి డయాక్సిన్లు ఘనమీటరుకు 0.1 నానోగ్రాము దాటకూడదు.

సిమెంటు బట్టీలో సరుకు 1450 డిగ్రీలకు చేరుతుంది, సున్నం ఆమ్లాన్ని పట్టేస్తుంది, బూడిద క్లింకర్‌లో, అంటే నూరితే సిమెంటయ్యే గడ్డల్లో, కలిసిపోతుంది. ఇది మంచి దారే, చెత్తను మంట పెట్టే బర్నర్ దగ్గరో, సున్నపురాయి పొడిని కాల్చే కాల్సైనర్‌లోనో వేస్తేనే. సున్నపురాయి పొడితో పాటు పైనుంచి వేస్తే మంట చేరకముందే కొంత ఆవిరై బయటపడుతుంది. క్లోరిన్ ఎక్కువైతే, పొడిని ముందుగా వేడిచేసే ప్రీహీటర్ గోడలకు గడ్డకట్టి దారి మూసుకుపోతుంది.

ఇన్సినరేటర్ ఫిల్టర్‌లో దొరికిన బూడిదను సిమెంటుతో గట్టిపరిచి, షీటు పరిచిన గుంతలోనే పూడ్చాలి. గుంత చిన్నదవుతుంది, అంతే. గేటు దగ్గర డిస్‌ప్లే బోర్డు ఉంటే ముందు కార్బన్ మోనాక్సైడ్ అంకె చూడండి. అరగంట సగటు ఘనమీటరుకు 100 మిల్లీగ్రాములు దాటినా ఫీడు నడుస్తోందంటే లోపల చెత్త సరిగా కాలడం లేదు.