‘ఫార్మాట్ చేయాలి’ అన్నంత మాత్రాన డిస్క్ పోయినట్లు కాదు: అపోహలు - వాస్తవాలు

కడపలో హార్డ్ డిస్కుల నుంచి డేటాను తిరిగి తీసే పని నాది. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది ముందుగా చెప్పే మాట “డిస్క్ పోయింది సార్” అన్నదే. తీరా చూస్తే చాలాసార్లు డిస్క్ నిక్షేపంగా తిరుగుతూనే ఉంటుంది. దానిలో ఏ ఫైల్ సిస్టమ్ (ఫైళ్ళను డిస్కులో అమర్చే పద్ధతి) ఉన్నదో కంప్యూటరుకు అర్థం కాకపోవడమే అసలు సమస్య.

అపోహ: విండోస్ ఫార్మాట్ చేయమని అడిగిందంటే డిస్క్ ఖాళీ అయినట్లే, ఫార్మాట్ చేస్తే బాగుపడుతుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం తెస్తున్న అపోహ ఇదే. ఆపరేటింగ్ సిస్టమ్ మొదట పార్టిషన్ టేబుల్ (డిస్కులోని భాగాల పట్టిక) చదివి, ఏ పార్టిషన్ ఎక్కడ మొదలై ఎంత దూరం ఉన్నదో తెలుసుకుంటుంది. ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ టేబుల్ పద్ధతిలో అందులోని రకం సంఖ్యను బట్టి ఫైల్ సిస్టమ్‌ను తేల్చలేము, ఎందుకంటే 07 అనే సంఖ్యను ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ అనే రెండు ఫైల్ సిస్టమ్‌లూ వాడుకుంటాయి. అందువల్ల విండోస్ తన వద్ద ఉన్న ఫైల్ సిస్టమ్ డ్రైవర్లను (ఒక్కో ఫైల్ సిస్టమ్‌ను చదివే ప్రోగ్రాములను) ఒక్కొక్కదానినీ ‘ఇది నీదేనా’ అని అడుగుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే పార్టిషన్ మొదటి సెక్టరులో (సెక్టరు అంటే డిస్క్ ఒకేసారి చదివే చిన్న ముక్క), మొదటి 3 బైట్లు దాటగానే, ఆ పేరే అక్షరాలుగా రాసి ఉంటుంది. లినక్స్ వారి ఎక్స్‌ట్4 గుర్తు 1024 బైట్ల తరువాత మొదలయ్యే సూపర్‌బ్లాకులో (ఆ ఫైల్ సిస్టమ్ వివరాలుండే చోట) ఉంటుంది. ఏ డ్రైవరూ తనదని ఒప్పుకోకపోతే దానికి ‘రా’ (RAW, అంటే గుర్తు తెలియనిది) అనే ముద్ర పడుతుంది, ఆ వెంటనే ఫార్మాట్ సందేశం వస్తుంది. అంటే ఆ సందేశానికి అర్థం ‘నాకు చదవడం రాలేదు’ అనే తప్ప, ‘ఇందులో ఏమీ లేదు’ అని కాదు.

ప్రొద్దుటూరులో నగల దుకాణం నడిపే ఒక పెద్దాయన, దొంగతనం జరిగిన రాత్రి దృశ్యాలు చూడాలన్న ఆత్రంతో సీసీ కెమెరాల రికార్డరులోని డిస్కును విప్పి ఇంట్లోని విండోస్ కంప్యూటరుకు తగిలించారు. ఆ రికార్డరు తనకంటూ వేరే ఫైల్ సిస్టమ్ వాడుతుంది కనుక విండోస్ ఫార్మాట్ అడిగింది, అబ్బాయి సరే నొక్కాడు. డిస్క్ అంతటా చెరపని క్విక్ ఫార్మాట్ కావడం వల్ల దృశ్యాలు చాలావరకు మిగిలాయి గానీ సూచిక చెరిగిపోయింది. ఏ ముక్క ఏ సమయానిదో తేల్చడానికి తెర మూలనున్న గడియారం అంకెలే మాకు ఆధారమయ్యాయి. ఆయనను తప్పుపట్టలేను, ఆ కంగారులో ఎవరైనా అదే నొక్కుతారు.

మొదటి సెక్టరు నిజంగా పాడైనా దారి ఉంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ దాని నకలును వాల్యూమ్ చివరి సెక్టరులో దాచుకుంటుంది, ఫ్యాట్32 సాధారణంగా 6వ సెక్టరులో దాచుకుంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా మళ్ళీ ఫార్మాట్ చేస్తే ఆ నకలు మీద కూడా కొత్తది పడుతుంది. విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. ఎస్‌ఎస్‌డీలో అయితే క్విక్ ఫార్మాట్ సైతం ట్రిమ్ ఆదేశంతో (‘ఈ చోటు ఇక అక్కర్లేదు’ అని ఎస్‌ఎస్‌డీకి చెప్పేది) పాత డేటాను దక్కకుండా చేయగలదు. వీడియోల్లో ఎవరో చెప్పారని చెక్‌డిస్క్ అనే విండోస్ ప్రోగ్రాము నడిపేవారికి కూడా ఒక మాట: దాని పని ఫైల్ సిస్టమ్‌ను సరిదిద్దడం, మీ ఫోటోలను కాపాడడం కాదు. ముందు డిస్క్ మొత్తానికీ మరో డిస్కులోకి నకలు తీయించి, ఏ ప్రయత్నమైనా ఆ నకలు మీదే చేయించండి.

అపోహ: 3 టీబీ డిస్క్ 2 టీబీగా కనిపిస్తే అది నకిలీది.

వాస్తవం: ఎంబీఆర్‌లో సెక్టరు సంఖ్యకు 32 బిట్లే ఉండటం వల్ల, 512 బైట్ల సెక్టర్లతో హద్దు ఆ 2 టీబీ దగ్గరే వస్తుంది. కొత్త డిస్క్ అయితే జీపీటీ అనే కొత్త పార్టిషన్ టేబుల్ పద్ధతి పెట్టుకోండి, సరిపోతుంది.

అపోహ: విండోస్ డిస్కును ‘ఇనీషియలైజ్’ (కొత్త పార్టిషన్ టేబుల్ రాయడం) చేయమంటే పార్టిషన్లు చెరిగిపోయినట్లే.

వాస్తవం: యూఎస్‌బీ పెట్టె నుంచి విప్పి నేరుగా సాటా కేబులుకు తగిలించిన డిస్కులతో ఇది తరచుగా జరుగుతుంది. కొన్ని పెట్టెలు 512 బైట్ల సెక్టర్లను 4096 బైట్లవిగా చూపి పార్టిషన్ టేబుల్ రాయిస్తాయి, కేబుల్ మారగానే ఆ లెక్క కుదరదు. ఏమీ నొక్కకుండా, డిస్కును తిరిగి అదే పెట్టెలో పెట్టి చూడండి.