అపార్ట్‌మెంట్‌లో ఎలక్ట్రిక్ గిటార్ రికార్డింగ్: అపోహలు - వాస్తవాలు

పడగ్గది పక్కనున్న చిన్న గదే నా స్టూడియో. పక్క ఫ్లాట్‌కీ మాకూ గోడ ఒకటే. పగలంతా ఉద్యోగాలు చేసుకుని రాత్రి పదింటికి గిటార్ బయటికి తీసేవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మన శబ్ద కాలుష్య నిబంధనలు ఒప్పుకునేది 45 డెసిబెల్స్. 12 అంగుళాల గిటార్ స్పీకర్ ఒక్క వాట్ పవర్‌కే, మీటరు దూరంలో 100 డెసిబెల్స్ దాకా ఇస్తుంది. ఈ రెండంకెల మధ్య ఉన్న దూరాన్ని ఎలా దాటాలన్నదే రోజూ నా పని. దాని మీద నాకు తరచూ వినపడే మాటలు ఇవి.

అపోహ: తక్కువ వాట్ల ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్) కొంటే గొడవ ఉండదు.

100 వాట్ల నుంచి 10 వాట్లకు దిగితే తగ్గేది 10 డెసిబెల్స్. చెవికి అది దాదాపు సగం శబ్దం, అంతే. ఒక్క వాట్ ట్యూబ్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసేది) అయినా వాల్యూమ్ పూర్తిగా తిప్పితే పక్కింట్లో పసిపిల్ల లేస్తుంది.

అపోహ: స్పీకర్ ఉన్నది శబ్దం పెంచడానికే. రికార్డింగ్‌కి దానితో పనిలేదు.

అన్ని అపోహలకూ మూలం ఇదే. గిటార్ స్పీకర్ పాటలు వినే స్పీకర్ లాంటిది కాదు. సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక దాని స్పందన ఒక్కసారిగా పడిపోతుంది. డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని కావాలని విరిచే ఎఫెక్ట్) పుట్టించే గరుకంతా ఆ పైనే ఉంటుంది, స్పీకర్ దాన్ని వడగట్టేస్తుంది. డిస్టార్షన్ పెడల్ నుంచి నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పరికరం) వాయించి చూడండి, కాగే నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు వినిపిస్తుంది. మనం గిటార్ టోన్ అని పిలిచేదాంట్లో సగం స్పీకర్ పుణ్యమే. అందుకని రెండే దారులు: స్పీకర్‌ని పెట్టెలో మూయాలి, లేదా దాని పని సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పాలి.

అపోహ: ట్యూబ్ ఆంప్ నుంచి స్పీకర్ కేబుల్ పీకేసి, లైన్ అవుట్‌తో (రికార్డింగ్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్) నిశ్శబ్దంగా రికార్డ్ చేసుకోవచ్చు.

దయచేసి ఈ పని చేయకండి. ట్యూబ్ ఆంప్‌లోని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి అవతల ఎప్పుడూ ఏదో ఒక లోడ్, అంటే స్పీకర్‌లా పవర్ తీసుకునేది, ఉండాలి. అది లేకుండా గట్టిగా వాయిస్తే లోపల వోల్టేజ్ విపరీతంగా పెరిగి ట్రాన్స్‌ఫార్మర్ గానీ ట్యూబులు గానీ పోతాయి. ఇలాగే ఓ కుర్రాడు తన ఆంప్ మోసుకొచ్చాడు. వెనక ప్యానెల్ విప్పగానే కాలిన వార్నిష్ వాసన. ఏడాది పాటు జీతంలో దాచుకుని కొన్న ఆంప్ అది, ఆ రోజు అతని మొహం నేను మర్చిపోలేను. స్పీకర్ బదులు, ఆంప్ పవర్‌ని శబ్దం లేకుండా మింగేసే లోడ్ బాక్స్ పెట్టాలి, దాని ఓమ్స్ (విద్యుత్తుకి అది ఇచ్చే అడ్డు) ఆంప్‌తో సరిపోవాలి. లోపలే లోడ్ అమర్చిన ఆంప్‌లు, ట్రాన్సిస్టర్ ఆంప్‌లు వేరే సంగతి. వాటికి మాన్యువల్ ఏం చెబితే అది.

లోడ్ బాక్సుల్లోనూ తేడా ఉంది. 8 ఓమ్స్ అని రాసున్న స్పీకర్ నిజానికి అన్ని స్వరాల దగ్గరా 8 ఓమ్స్‌గా ఉండదు. 100 హెర్ట్జ్ పరిసరాల్లో ఒకచోట బాగా ఎగబాకుతుంది, పైస్థాయిలో మళ్లీ పెరుగుతుంది. రియాక్టివ్ లోడ్ ఆ ఎగుడుదిగుళ్లను అనుకరిస్తుంది కాబట్టి ఆంప్ స్పీకర్ ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. ఉత్త రెసిస్టర్ లోడ్ పెడితే టోన్ కాస్త చప్పబడుతుంది.

అపోహ: గోడకి ఫోమ్ గానీ కోడిగుడ్ల ట్రేలు గానీ అతికిస్తే శబ్దం బయటికి పోదు.

గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్. ఆ అల పొడవు నాలుగు మీటర్ల పైమాటే. దాన్ని రెండంగుళాల ఫోమ్ ఏం ఆపుతుంది? ఫోమ్ గదిలో ప్రతిధ్వని తగ్గిస్తుంది. శబ్దాన్ని ఆపేవి బరువు, గాలి చొరకుండా మూయడం.

ఐసొలేషన్ క్యాబినెట్ (స్పీకర్‌నీ మైక్‌నీ లోపల పెట్టి మూసే పెట్టె, ఐసో బాక్స్ అనీ అంటారు) చేయించేటప్పుడు అందరూ తేలిగ్గా తీసుకునేది ఆ రెండోదే. పెట్టె ఉపరితలంలో నూటికి ఒక వంతు సందు ఉన్నా, చెక్క ఎంత మందమైనా, శబ్దం 20 డెసిబెల్స్ మించి తగ్గదు. నేను మొదట చేయించిన పెట్టెకి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు వేయించాను. అయినా బయటికి వినిపిస్తూనే ఉంది. చీకట్లో లోపల టార్చ్ వెలిగించి మూత వేస్తే కేబుల్ రంధ్రం దగ్గర, మూత ఒక మూల వెలుతురు కనబడింది. ఆ రెండు చోట్లా రబ్బరు బీడింగ్, మట్టిలా మెత్తటి సీలెంట్ కూరాక పెట్టె పెట్టెలా పనిచేసింది. ఇంకా కింది ఫ్లాట్‌కి నేల గుండా దబదబ పోతుంటే, పెట్టె కింద మందపాటి రబ్బరు పెట్టాల్సి వచ్చింది.

అపోహ: నిజం స్పీకర్, నిజం మైక్ కాబట్టి ఐసో బాక్స్ ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ కన్నా మేలు.

చిన్న పెట్టెలో గాలి స్పీకర్‌ని బిగబడుతుంది, బేస్ బిగుసుకుపోతుంది. గోడల మధ్య కొట్టుకునే అలల వల్ల మిడ్స్ (మధ్యస్థాయి స్వరాలు) డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటాయి. పైగా మైక్ జరపడం ఒక యజ్ఞం. ఎస్ఎం57 మైక్‌ని స్పీకర్ కోన్ మధ్య నుంచి అంచు వైపు వేలెడు జరిపితే టోన్ మారిపోతుంది. ఆ వేలెడు కోసం మూత తీసి, జరిపి, బిగించి, మళ్లీ విని, మళ్లీ తీయాలి. అదే పనిని ఇంపల్స్ రెస్పాన్స్ (ఐఆర్), అంటే స్పీకర్, మైక్ స్పందనను నమోదు చేసిన ఫైళ్లతో, సాఫ్ట్‌వేర్‌లో రెండు నిమిషాల్లో చేస్తాను. నా గదికి నేను ఎంచుకున్నది ఐఆర్‌నే.

అలాగని ఐఆర్‌లో అన్నీ ఉన్నాయనుకోవద్దు. అది ఒక స్పీకర్, ఒక మైక్, ఒక స్థానం కలిసి ఇచ్చే స్పందన మాత్రమే. గట్టిగా మోగినప్పుడు కోన్ వల్ల శబ్దంలో వచ్చే విరుపు అందులో రాదు. ఇంకో పొరపాటు కూడా చూస్తుంటాను: ఆంప్ ప్లగిన్‌లో (ఆంప్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) క్యాబ్, అంటే స్పీకర్ అనుకరణ, ఆన్‌లో ఉండగానే పైన ఇంకో ఐఆర్ వేస్తారు. గిటార్ దుప్పటి కప్పుకున్నట్టు మూగగా వినిపిస్తుంది. ఒకటి తీసేయండి.

అపోహ: లేటెన్సీ (వాయించాక శబ్దం వినిపించేలోపు పట్టే జాప్యం) వల్ల సాఫ్ట్‌వేర్‌తో వాయించలేం.

48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కసారికి తీసుకునే శబ్దపు ముక్క) అంటే 2.7 మిల్లీసెకన్లు. రానూపోనూ, డ్రైవర్ జాప్యం కలిపినా మంచి ఇంటర్‌ఫేస్‌లో పది లోపే ఉంచొచ్చు. ఆంప్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడితే శబ్దం మీ చెవికి చేరడానికి పట్టేది దాదాపు అంతే.

అపోహ: నిశ్శబ్దంగా చేస్తే పోయేదేమీ లేదు.

పోయేది ఒకటుంది, దాచను. పెద్ద ఆంప్ ముందు నిలబడితే ఆ గాలి తీగల్ని తిరిగి కదిలిస్తుంది, నోట్ ఆగకుండా పాడుతుంది. హెడ్‌ఫోన్‌లో అది రాదు. సోలోలో అలాంటి నోట్ తప్పనిసరైతే నేను సాయంత్రం ఏడింటికే రమ్మంటాను. చిన్న మానిటర్ స్పీకర్‌ని గిటార్‌కి జానెడు దూరంలో పెట్టి, ఆ ఒక్క నోట్‌కీ వాల్యూమ్ పెంచి, హెడ్‌స్టాక్‌ని (గిటార్ మెడ చివర) స్పీకర్ క్యాబినెట్‌కి ఆనించి పట్టుకోమంటాను. చాలాసార్లు మూడో నాలుగో ప్రయత్నానికి నోట్ పట్టుకుంటుంది.