వుడ్‌హౌస్‌ని వెంటాడిన అయిదు ప్రసంగాలు

1975 కొత్త సంవత్సరం బిరుదుల జాబితాలో బ్రిటన్ ఇంగ్లీషు హాస్య రచయిత పి.జి. వుడ్‌హౌస్‌కి ‘సర్’ బిరుదు ఇచ్చింది. అప్పటికి ఆయనకు 93 ఏళ్లు. ఆరు వారాలు తిరిగేసరికి, ఫిబ్రవరి 14న, అమెరికాలో కన్నుమూశారు. జీవ్స్ అనే అతి తెలివైన నౌకరునీ, బెర్టీ వూస్టర్ అనే అమాయకపు యజమానినీ సృష్టించి, 90కి పైగా పుస్తకాలు రాసిన మనిషికి అంత ఆలస్యంగా గౌరవం దక్కడానికి కారణం, 1941లో బెర్లిన్ నుంచి ఆయన చేసిన అయిదు రేడియో ప్రసంగాలు.

1934 నుంచీ ఆయన కాపురం ఫ్రాన్స్ తీరంలోని ల తూకేలో. 1940 మేలో జర్మన్ సైన్యం మీదికొస్తుంటే భార్యతో బయల్దేరారు గానీ, కారు దారిలోనే మొరాయించింది. 60 ఏళ్లలోపు బ్రిటిష్ మగవాళ్లందర్నీ జర్మన్లు నిర్బంధించారు. ఈయనకు 58. జైళ్లూ కోటలూ తిప్పి, చివరికి టోస్ట్ అనే ఊళ్లో ఒక పాత పిచ్చాసుపత్రిలో పెట్టారు. అక్కడ కూడా ఒక హాస్య నవల పూర్తి చేశారంటే ఆయన ఎలాంటి మనిషో అర్థం చేసుకోవచ్చు.

1941 జూన్ 21న వదిలిపెట్టారు. తన క్షేమం అడుగుతూ ఉత్తరాలు రాసిన అమెరికన్ పాఠకులకు రేడియోలో నాలుగు మాటలు చెప్పే అవకాశం ఇస్తే సంబరంగా ఒప్పుకున్నారు. అమెరికా అప్పటికింకా యుద్ధంలోకి దిగలేదు. దాన్ని అలాగే పక్కన ఉంచాలన్నది జర్మన్ల ఎత్తుగడ. ఈయనకు అది తట్టలేదు.

ప్రసంగాల్లో నాజీలను పొగిడిందేమీ లేదు. బందీ కావడం ఎలాగని కుర్రాళ్లు అడుగుతుంటారనీ, ల తూకేలో ఇల్లు కొనుక్కుని కూర్చుంటే మిగతాది జర్మన్లే చూసుకుంటారనీ, అంతా ఆ ధోరణే. మామూలు రోజుల్లో అయితే హాయిగా నవ్వుకునేవారు. కానీ బాంబుదాడుల్లో అప్పటికే 40 వేల మందికి పైగా పౌరులను పోగొట్టుకున్న దేశానికి, శత్రువు మైకులోంచి వచ్చే జోకు ఎలా వినిపిస్తుంది? నా మటుకు నాకు ఆయన చేసింది ద్రోహం కాదు, వట్టి తెలివితక్కువతనం. అయినా ఆ జనం కోపాన్ని తప్పుపట్టలేను.

సమాచార మంత్రి డఫ్ కూపర్ పట్టుబట్టడంతో, బీబీసీ పెద్దలు వద్దంటున్నా, ‘కాసాండ్రా’ పేరుతో రాసే పత్రికా రచయిత విలియం కానర్ జూలైలో అదే బీబీసీలో వుడ్‌హౌస్‌ని దేశద్రోహిగా చీల్చి చెండాడాడు. కొన్ని లైబ్రరీలు ఆయన పుస్తకాలను అలమరల్లోంచి తీసేశాయి. జార్జ్ ఆర్వెల్ మాత్రం 1945లో, ఇది మూర్ఖత్వమే తప్ప ద్రోహం కాదని వాదిస్తూ వ్యాసం రాశారు.

1944లో పారిస్ విముక్తమయ్యాక, బ్రిటిష్ గూఢచారి శాఖ తరఫున మేజర్ కసెన్ ఆయన్ని ప్రశ్నించారు. శత్రువుకు సాయం చేసే ఉద్దేశం ఆయనకు ఉందని జ్యూరీ తీర్పు ఇవ్వడం కష్టమని నివేదిక ఇచ్చారు. ఆ నివేదికను మాత్రం ప్రభుత్వం బయటపెట్టలేదు. 1947లో వుడ్‌హౌస్ అమెరికా వెళ్లిపోయారు, 1955లో అక్కడి పౌరుడయ్యారు. యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో మళ్లీ అడుగుపెట్టలేదు. 1967లో బిరుదు ఇద్దామన్న ప్రతిపాదన వస్తే, పాత గొడవ మళ్లీ రేగుతుందని అధికారులే అడ్డుపడ్డారు.

కసెన్ నివేదిక 1980లో బయటకొచ్చింది. అప్పటికి వుడ్‌హౌస్ పోయి అయిదేళ్లు.