కట్ట కింద పచ్చిక ఎందుకు మొలిచింది?

ఉదయగిరి వైపు నుంచి ఒక పాఠకుడు ఫోటోలు పంపారు. మామిడితోట మధ్యలో వాగుకు అడ్డంగా మట్టి పోయించి, మూడెకరాల చిన్న చెరువు చేసుకున్నారట. పిల్లలు పడవ తిప్పుతారు, చేపలు వదిలారు, ఆదివారాలు చుట్టాలొస్తారు. కట్ట దగ్గర నీటిలోతు మూడు మీటర్లు. ఆయన ప్రశ్న ఇది: "కట్ట కింద ఒకచోట ఎండాకాలం కూడా తడి ఆరదు. గడ్డి పచ్చగా మొలిచింది. చల్లగా ఉందని అక్కడ సిమెంటు బెంచీ వేయించాం. ఏమన్నా ప్రమాదమా, సార్?"

ఆ ఫోటో నేను చాలాసేపు చూశాను. బెంచీ కాళ్లలో ఒకటి రెండంగుళాలు దిగబడి ఉంది.

కట్ట ఎలా కట్టాలి, మట్టి ఎలా తొక్కించాలి అన్నవి ఇక్కడ రాయను, అవి వేరే పుస్తకాల్లో దొరుకుతాయి. నన్ను పట్టుకున్నది ఆ పచ్చిక. మట్టికట్ట అంటే నీళ్లను పూర్తిగా ఆపే గోడ అనుకుంటాం. కాదు. ప్రతి మట్టికట్టలోనూ నీరు నడుస్తూనే ఉంటుంది, కాకపోతే చాలా నెమ్మదిగా. ఫ్రాన్సులో దిజాన్ పట్టణపు మంచినీళ్ల పథకం మీద పనిచేసిన ఆన్రీ దార్సీ 1856లోనే ఆ నడక లెక్క చెప్పాడు: రెండు వైపులా నీటిమట్టాల ఎత్తు తేడా ఎంత, ఆ తేడా ఎంత దూరంలో తగ్గుతోంది అనే నిష్పత్తిని బట్టి నీటి వేగం ఉంటుంది. ఈ నిష్పత్తిని వాలు అందాం. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

ఒక ఘనపు మీటరు ఇసుక తీసుకోండి. అందులో సుమారు 40 శాతం ఖాళీ సందులే. మిగతా 60 శాతం రాతి రేణువులు, వాటి సాంద్రత నీటికి 2.65 రెట్లు. నీళ్లలో మునిగితే నీరు వాటిని పైకెత్తుతుంది కాబట్టి మిగిలే బరువు 0.6 ఇంటూ 1.65, అంటే దాదాపు సరిగ్గా ఒక టన్ను. ఇప్పుడు అదే ఇసుకలో కింది నుంచి పైకి నీరు నడుస్తోందనుకోండి. వాలు ఒకటి అయితే, అంటే ఒక మీటరు దూరంలో ఒక మీటరు ఎత్తు తగ్గితే, ఆ ఘనపు మీటరు ఇసుకను నీరు పైకి నెట్టే బలం కూడా ఒక టన్నే. రెండూ సరిపోయాయి! ఇసుకకు బరువు పోయింది. రేణువు మీద రేణువు ఆనదు, అన్నం ఉడికినట్టు కుతకుతలాడుతుంది. చెరువుల కింద, ఏటి కరకట్టల కింద నేలలోంచి ఇసుక బుగ్గలుగా పొంగేది ఇందుకే. ఆ బెంచీ కాలు దిగబడటంలోనూ ఈ లెక్క వాసన ఉంది.

మన పాఠకుడి కట్టలో ఈ వాలు ఎంత? కట్ట అడుగున నీరు నడవాల్సిన దారి సుమారు 15 మీటర్లు, ఎత్తు తేడా మూడు. మూడు బై పదిహేను, 0.2. ఒకటికి ఐదో వంతు. భయం లేదు కదా అనిపిస్తుంది.

అక్కడే ఉంది అసలు సంగతి. బయటికి వచ్చే చోట నాలుగు రేణువులు కొట్టుకుపోయాయనుకోండి. అక్కడ చిన్న గుంట పడింది. దాంతో నీరు నడవాల్సిన దారి ఆ మేరకు తగ్గింది, ఎత్తు తేడా మాత్రం అదే మూడు మీటర్లు. దారి పది మీటర్లయితే వాలు 0.3. వాలు పెరిగితే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే ఇంకా రేణువులు పోతాయి. ఆరు మీటర్లయితే 0.5. మూడయితే 1. బుంగ దిగువ నుంచి మొదలై వెనక్కి, చెరువు వైపు తవ్వుకుంటూ పోతుంది. దగ్గరయ్యేకొద్దీ తొందర ఎక్కువ. పందికొక్కు బొరియ, ఎండ్రకాయల కలుగులు, కొట్టేసిన తుమ్మచెట్టు వేరు కుళ్లిన ఖాళీ, ఇవన్నీ ముందే తవ్వి పెట్టిన దారులు. కట్టలోంచి వేసిన పీవీసీ గొట్టం ఇంకా చెడ్డది: గుండ్రటి గొట్టం కింది వంపులో మట్టి ఎంత దిమ్మిస చేసినా గట్టిపడదు, నీరు గొట్టాన్ని ఆనుకునే బయటికొస్తుంది.

మరి ఆ బుంగ పైకప్పు కూలి మూసుకుపోదా? ఉత్త ఇసుకయితే కూలుతుంది. కానీ కట్టకు మనం బంకమట్టి వాడతాం. బంకమట్టి కమానులా నిలబడుతుంది. కట్టకు బలమని మెచ్చుకున్న గుణమే లోపల సొరంగాన్ని దాచి పెడుతుంది. పైన చూస్తే కట్ట నిండుగా, పచ్చగా, చక్కగా ఉంటుంది. అమెరికాలో 93 మీటర్ల ఎత్తున్న టీటన్ డ్యామ్ 1976 జూన్ 5న, మొదటిసారి నిండుతున్న రోజుల్లోనే, ఇలా లోపలి కోతతో పోయింది. పొద్దున ఏడున్నర ప్రాంతంలో మురికి నీరు కారడం చూశారు. మధ్యాహ్నం పన్నెండు కొట్టకముందే కట్ట తెగింది. పదకొండు మంది చనిపోయారు.

ఎంత నీరు కారుతోంది అని అందరూ అడుగుతారు. ఏ రంగులో కారుతోంది అని అడగాలి. తేట నీరు బిందెడు వచ్చినా కట్ట మట్టి కట్టలోనే ఉంది. చెంబెడు మడ్డి నీరు వస్తే కట్ట చెంబులోకి వచ్చేస్తోందన్నమాట.

ఈ సంగతి మనవాళ్లకు కొత్త కాదు. పక్కనే కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది, విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించినది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెబుతుంది. ఆరింటిలో మొట్టమొదటిది కట్టలోంచి నీరు కారడం. రెండోది చౌడు నేల. చౌడు అంటే సోడియం. సోడియం ఎక్కువున్న బంకమట్టి రేణువులు నీళ్లు తగలగానే ఒకదాన్నొకటి వదిలేసి విడిపోతాయి, ప్రవాహం తోయక్కర్లేదు. ఇంట్లోనే చూడొచ్చు: కట్ట నుంచి శనగగింజంత మట్టి బెడ్డ తెచ్చి, వాననీళ్లు పోసిన గాజుగ్లాసులో కదపకుండా వేయండి. బెడ్డ విరిగి కుప్పగా కూర్చుంటే మంచిదే. దాని చుట్టూ పొగమంచులా తెల్లటి మసక పుట్టి, గ్లాసు అడుగంతా పాకితే, ఆ మట్టితో కట్ట వేయకూడదు. తొమ్మిదో తరగతి పిల్లలకు పీడనం సూత్రాన్ని బోర్డు మీద బట్టీ పట్టించే బదులు ఈ గ్లాసు చూపించి, తర్వాత ఊరి చెరువుకట్ట మీదికి తీసుకెళ్లాలని నాకెంతో కోరిక.

ఊట పుట్టిన చోట పసుపు కుంకుమ పెట్టి, గంగమ్మ పలికిందని దండం పెట్టేవాళ్లను చూశాను. నాకు ఆ భక్తి మీద గౌరవమే. వంగి దండం పెట్టినప్పుడు నీళ్ల రంగు కూడా చూడమని మాత్రం ప్రతిసారీ చెబుతాను.

మన జిల్లాల్లో ఇంకో చిక్కు. నెల్లూరు, ప్రకాశం వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో, తుపాన్లతో వస్తాయి. అంతకుముందు నెలల తరబడి ఎండకు చెరువు అడుగంటి, నల్లరేగడి కట్ట చెయ్యి దూరేంత బీటలు వారుతుంది. తర్వాత ఒక్క తుపాను రాత్రిలో నిండుతుంది. కొత్త కట్టకు మొదటి నింపుడు గండం అంటారు ఇంజనీర్లు. మన చిన్న చెరువులకు ఆ గండం ఏటా వస్తుంది.

ఫోటోలో మరొకటి కనిపించింది. చేపలు పోకుండా కలుజుకు, అంటే ఎక్కువైన నీరు పొర్లిపోయే దారికి, అడ్డంగా వల కట్టారు. 1889లో అమెరికాలో జాన్‌స్టౌన్ పట్టణానికి ఎగువన ధనవంతుల విహార క్లబ్బు చెరువొకటి ఉండేది. బండ్లు పోవడానికి కట్ట ఎత్తు తగ్గించారు, అడుగు గొట్టాలు అంతకుముందే తీసేశారు, చేపల కోసం కలుజుకు జాలీలు పెట్టారు. మే 31న కుండపోత వానకు జాలీలు చెత్తతో పూడుకున్నాయి, నీరు కట్ట మీది నుంచి పొర్లి కోసేసింది. 2,209 మంది చనిపోయారు. ఆ చెరువు ఎంతో పెద్దది, నిజమే. అమెరికాలోనే జార్జియా రాష్ట్రంలో టొకోవా దగ్గర ఒక కళాశాల ఆవరణకు ఎగువన ఉన్న కెల్లీ బార్న్స్ చెరువు చిన్నదే. 1977 నవంబరు 6న తెల్లవారుజామున కట్ట తెగి 39 మంది పోయారు.

మూడెకరాల చెరువులో సగటున ఒకటిన్నర మీటర్ల నీరున్నా 1.8 కోట్ల లీటర్లు, 5,000 లీటర్ల ట్రాక్టరు ట్యాంకర్లు 3,600. గండి పడితే ఎంత ఉరవడి ఉంటుందో చెప్పే అనుభవ సూత్రాలున్నాయి. ఒకదాని ప్రకారం లెక్క వేస్తే సెకనుకు 40 ఘనపు మీటర్లు దాటింది. సెకనుకు ఎనిమిది ట్యాంకర్లు! 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన ఎత్తుకు, కొన్ని షరతుల మీద 10 మీటర్లు దాటినవాటికి వర్తిస్తుంది. సోమశిలకు, కండలేరుకు చూసుకోవడానికి ఇంజనీర్లున్నారు. ఈ కట్టకు ఉన్నది తోట యజమాని కళ్లే.

కాబట్టి అయ్యా, ముందు కలుజు వల తీసేయండి. చేపలు పోతే పోయాయి. కట్ట మీద చెట్లు పెంచకండి. ఊట దగ్గర చిన్న కాలువ తీసి, సీసాలో పట్టి, తెల్లకాగితం ముందు పెట్టి వారం వారం చూడండి, వానాకాలంలో రోజూ రెండుసార్లు. మడ్డి కనిపిస్తే బంకమట్టితో బిరడా కొట్టకండి. అందరూ చేసే తప్పు అదే. లోపల పీడనం పెరిగి పక్కన ఇంకోచోట పొడుచుకొస్తుంది. నీటిని పోనివ్వాలి, మట్టిని ఆపాలి. దానికి మట్టి ఇంజనీరింగుకు ఆద్యుడు కార్ల్ టెర్జాగి చెప్పిన వడపోత నియమం ఉంది: కట్టమట్టిలో 85 శాతం రేణువులు ఏ సైజుకు లోపున్నాయో చూడండి, ఊట పైన వడపోతకు పోసే ఇసుకలో 15 శాతం రేణువులు ఏ సైజుకు లోపున్నాయో అది మొదటిదానికి నాలుగైదు రెట్లు మించకూడదు. అప్పుడు ఇసుక సందుల్లో ముతక రేణువులు ఇరుక్కుంటాయి, వాటి వెనక సన్నవి ఆగుతాయి, నీరు తేటగా బయటికొస్తుంది. ఆ ఇసుక మీద చిన్న కంకర, దాని మీద పెద్ద కంకర, బరువుకు. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి లోపల నీరు అడుగెత్తు నిలవనిస్తే ఎత్తు తేడా ఆ మేరకు తగ్గుతుంది. ఇదంతా చేస్తూనే చెరువు నీరు తగ్గించే పని మొదలుపెట్టాలి, వాగు దిగువన ఉన్న ఇళ్లవాళ్లకు ఫోన్ చేయాలి, మీ మండల జలవనరుల ఇంజనీరును పిలిపించాలి.

బెంచీని ఎదుటి గట్టు మీద, రాతి నేల ఉన్న చోట వేయించండి. దాని కాళ్లు తీసిన గుంటల్లో నీరు ఊరుతుంది. మొదటి సీసా అక్కడే పట్టండి.