చేయి చాపినంత దూరంలో మృదంగం

ఏదైనా కచేరీ రికార్డింగ్‌ను లాప్‌టాప్ సొంత స్పీకర్ల మీద పెట్టి వినండి. గాత్రం వినిపిస్తుంది, వయొలిన్ వినిపిస్తుంది, మృదంగం మాత్రం సగమే వినిపిస్తుంది. కుడిచేతి దెబ్బలు టకటకమంటూ వస్తాయి. ఎడమచేతి ‘ధోం’ జాడ ఉండదు. విద్వాంసుడు కచేరీకి ముందు కూర్చుని రవ్వ ముద్ద తడిపి ఎడమ వైపు తోలుకు అద్దేది ఆ ధోం కోసమే. మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనం మొదలయ్యేసరికి ఆ లోటు మరీ బాధపెడుతుంది.

అదే రికార్డింగ్‌ను బల్ల మీద పెట్టుకునే, యాంప్లిఫయర్ లోపలే ఉండే చిన్న పవర్డ్ స్పీకర్ల జతకు కలిపితే ఎడమచేయి తిరిగొస్తుంది. కిలో పప్పు పోసుకునే డబ్బా అంత పెట్టె, అందులో ముందుకీ వెనక్కీ ఊగి శబ్దం పుట్టించే మూడంగుళాల కోన్. దానిలోంచి అంత మంద్రమైన మోత ఎలా వస్తోంది? దీనికి జవాబు సగం పెట్టెలో ఉంది, మిగతా సగం మన చెవిలోనూ మనం కూర్చునే చోటులోనూ ఉంది. నాకు ఆ రెండో సగమే ఎక్కువ ఇష్టం, కానీ ముందు పెట్టె సంగతి చూడాలి.

శబ్దం పుట్టాలంటే గాలి కదలాలి. స్వరం కిందికి దిగేకొద్దీ కదలాల్సిన గాలి విపరీతంగా పెరుగుతుంది. కంపనాల సంఖ్య సగానికి తగ్గితే, అంతే పీడనం కోసం నాలుగింతల గాలిని తొయ్యాలి. సెకనుకు 1000 కంపనాల స్వరానికి కోన్ ఎంత కదులుతుందో, 50 కంపనాల స్వరానికి దానికి 400 రెట్లు కదలాలి. పైగా ఎనిమిదంగుళాల కోన్ వైశాల్యం మూడంగుళాల కోన్‌కు సుమారు ఏడు రెట్లు. పెద్దది ఒక మిల్లీమీటరు ఊగితే సరిపోయే చోట చిన్నది ఏడు మిల్లీమీటర్లు ఊగాలి. చిన్న కోన్ అంత దూరం ఊగలేదు. ఊగమని బలవంతపెడితే మోత పగిలిపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. కోన్ ముందు వైపు గాలిని తోసేటప్పుడు వెనక వైపు గాలిని లాగుతుంది. పెట్టె లేని ఒట్టి స్పీకర్‌లో ముందు గాలి అంచు చుట్టూ తిరిగి వెనక్కి జారిపోతుంది, మంద్రస్వరాలు అక్కడికక్కడే చెల్లిపోతాయి. పెట్టె పని ఆ రెండింటినీ విడదీయడం. అయితే చిన్న పెట్టెలో బంధించిన గాలి గట్టి స్ప్రింగులా ఎదురు తిరుగుతుంది. అమెరికాలో ఎడ్గార్ విల్చర్ 1954లో ఆ స్ప్రింగునే పనిలో పెట్టుకున్నాడు. కోన్‌ను వదులుగా బిగించి, దాన్ని వెనక్కి లాగే పనిని మూసిన పెట్టెలోని గాలికే అప్పజెప్పాడు. పుస్తకాల అరలో పట్టే పెట్టె నుంచి మంచి మంద్రం రావచ్చని ఆయన ఏఆర్-1 స్పీకర్ చూపించింది. అంతకంటే ముందే, 1932లో, బెల్ ల్యాబ్స్‌లో ఆల్బర్ట్ థురాస్ మరో దారికి పేటెంట్ పొందాడు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ‘బూ’ అని మోగుతుంది కదా, అదే కిటుకు. పెట్టెకు ఒక గొట్టం పెడితే లోపలి గాలి, గొట్టంలోని గాలి కలిసి ఒక స్వరం దగ్గర మోగుతాయి, కోన్‌కు భారం తగ్గుతుంది. నేటి చిన్న స్పీకర్ల వెనకో ముందో కనిపించే రంధ్రం అదే. కానీ ఆ స్వరం కంటే కిందికి వెళితే మోత చాలా వేగంగా పడిపోతుంది.

ఇంతవరకూ చిన్న పెట్టెకు అన్నీ అడ్డంకులే. దాన్ని ఆదుకునేది దూరం.

శబ్దం నుంచి మనం రెండింతలు దూరం జరిగితే 6 డెసిబెల్స్ (శబ్దం బిగ్గదనానికి కొలత) తగ్గుతుంది. హాల్లో సోఫా స్పీకర్లకు 2.4 మీటర్ల దూరంలో ఉందనుకుందాం, బల్ల ముందు కుర్చీ 60 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. నాలుగింతల తేడా, అంటే 12 డెసిబెల్స్. సోఫాలో కూర్చున్నవారికి 16 వాట్లు కావాల్సిన చోట బల్ల ముందున్నవారికి ఒక్క వాటు చాలు. గది గోడలు కొంత శబ్దాన్ని తిరిగిస్తాయి కాబట్టి లెక్క అచ్చంగా ఇలాగే ఉండదు, కానీ ఆ తిరిగొచ్చే శబ్దం విషయంలోనూ దగ్గరితనమే మేలు చేస్తుంది. మన ఇళ్లలో నేల టైల్స్, గోడలు సిమెంటు గచ్చు, తివాచీలు తక్కువ. మాట మాటకూ గది మారుమోగుతుంది. దూరంగా కూర్చుంటే పాటతో పాటు గదిని కూడా వింటాం. చేయి చాపినంత దూరంలో వింటే స్పీకర్ నుంచి నేరుగా వచ్చేదే పైచేయి అవుతుంది.

ఇరుకు జాగాలో, చాలా దగ్గరగా, చిన్న పెట్టె మీద నమ్మకంగా వినాల్సిన అవసరం బీబీసీ ఇంజినీర్లకు ముందే వచ్చింది. 1970ల మొదట్లో బయటి ప్రసారాల వ్యాన్లలో పెద్ద స్పీకర్లకు చోటు లేదు. వాళ్ల పరిశోధన విభాగం సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున్న ఎల్ఎస్3/5ఏ అనే స్పీకర్‌ను రూపొందించింది. దానిలో యాంప్లిఫయర్ లేదు, లోతైన మంద్రమూ లేదు. మనిషి గొంతు మాత్రం మనిషి గొంతులాగే ఉంటుంది. ఇళ్లలో వినేవాళ్లు దాన్ని నేటికీ వెతికి మరీ కొనుక్కుంటారు. చిన్న స్పీకర్‌ను ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది కూడా గొంతునే.

దగ్గరగా వింటే వాట్లు తక్కువ చాలు అన్నాను కదా, మన బజారు చాలా ఏళ్లు దీనికి ఉల్టా నమ్మించింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్ కంప్యూటర్ షాపుల్లో ఒకప్పుడు అరచేతంత స్పీకర్ల అట్టపెట్టెల మీద ‘1000 వాట్స్ పీఎంపీవో’ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) అని పెద్ద అక్షరాలతో ఉండేది. ఆ సంఖ్యను కొలవడానికి ఒప్పుకున్న ప్రమాణమంటూ ఏదీ లేదు. అసలు శక్తి ఎంతో తెలియాలంటే అడాప్టర్ మీద చూడాలి. 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే రెండూ హెచ్చవేయండి: 12 వాట్లు. లోపలికి 12 వాట్లే వెళ్లే పెట్టె నుంచి నిలకడగా అంతకంటే ఎక్కువ బయటికి రాదు. యూఎస్‌బీ తీగ నుంచే కరెంటు తీసుకునే స్పీకర్లకు ఇంకా తక్కువ. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. రెండు స్పీకర్లూ కలిపి అంతలోనే సర్దుకోవాలి. ఇందులో కూడా శబ్దంగా మారేది నూటికి ఒక వంతైనా ఉండదు, మిగిలినదంతా వేడిగా పోతుంది. అయినా బల్ల ముందు కూర్చున్నవారికి ఒక్క వాటు మామూలు సంభాషణ కంటే ఎంతో బిగ్గరగా వినిపిస్తుంది. వారానికి 40 గంటలు వినేవారు సగటున 80 డెసిబెల్స్ దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆఫీసు పనంతా పాటలతో చేసుకునేవారికి ఇది పట్టించుకోవాల్సిన సంఖ్య.

యాంప్లిఫయర్ పెట్టెలోనే ఉండటం కొత్త ఆలోచన అనిపిస్తుంది, నిజానికి స్పీకర్ పుట్టినప్పుడే అది ఉంది. జనరల్ ఎలక్ట్రిక్‌లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ 1925లో నేటి కోన్ స్పీకర్‌కు మూలరూపాన్ని వివరించారు. మరుసటి ఏడు రేడియోలా 104 పేరుతో అది అమ్మకానికి వచ్చినప్పుడు యాంప్లిఫయర్ అందులోనే ఉంది. తరవాత చాలాకాలం ఇళ్లలో ఈ రెండూ విడివిడిగా బతికాయి, మళ్లీ కలిశాయి. కలిసినందువల్ల వచ్చిన లాభం ఏమిటంటే, ఏ కోన్‌కు ఏ యాంప్లిఫయర్ అన్నది తయారుచేసేవారికి ముందే తెలుసు. కోన్ ఎక్కడ నీరసపడుతుందో అక్కడ కాస్త బలం ఇస్తారు, ఎక్కడ చిరిగేలా ఊగుతుందో అక్కడ కళ్లెం వేస్తారు. వాల్యూమ్ బాగా పెంచితే కొన్ని చిన్న స్పీకర్లలో పాట పలచబడటం గమనించే ఉంటారు. కోన్‌ను కాపాడటానికి లోపలి సర్క్యూట్ మంద్రాన్ని తగ్గిస్తోందన్నమాట. ఫిన్లాండ్‌లోని ఈసల్మి ఊళ్లో 1978లో మొదలైన జెనెలెక్ కంపెనీ ఈ పద్ధతి మీదే నిలబడింది. వాళ్ల 8010 స్పీకర్‌లో ఉన్నది మూడంగుళాల వూఫర్ (మంద్రస్వరాలు పలికే కోన్), బరువు కిలోన్నర, అయినా 67 కంపనాల దాకా దిగుతుంది.

ఇప్పుడు చెవి సంగతి. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ గుర్తు తెచ్చుకోండి. ఆ తీగ మీద వెళ్లేది సుమారు 300 నుంచి 3400 కంపనాల వరకే. మగవారి గొంతులో మూలస్వరం 100 కంపనాల చుట్టుపక్కల ఉంటుంది, అంటే అది తీగ మీద వెళ్లనే వెళ్లదు. అయినా నాన్నగారు ఫోన్ చేస్తే నాన్నగారి గొంతే, అంతే బరువుగా వినిపించేది. 300, 400, 500 కంపనాలు ఒకేసారి వినిపిస్తే వీటన్నిటికీ మూలం 100 అయి ఉంటుందని మెదడు తేల్చుకుని, లేని స్వరాన్ని వినిపిస్తుంది. 1840లలో జర్మనీలో ఆగస్ట్ జీబెక్ సైరన్లతో ప్రయోగాలు చేసి దీన్ని గుర్తించాడు. చిన్న స్పీకర్‌లో మనం వినే మంద్రంలో కొంత భాగం ఇలా మన తలలోనే తయారవుతుంది.

మృదంగానికి ఈ ఉపాయం పూర్తిగా చాలదు. మృదంగం కుడి వైపు తోలు మధ్యనున్న నల్లటి ముద్ద వల్ల దాని పైస్వరాలు తంత్రీవాద్యంలో లాగా క్రమంగా అమరుతాయని సి.వి. రామన్ 1920లో చూపించారు. ఎడమ వైపు అంత క్రమం ఉండదు, కాబట్టి మెదడుకు పట్టుకోవడానికి ఆధారాలు తక్కువ. అక్కడ గాలి నిజంగానే కదలాలి. అందుకే స్పీకర్ కొనేటప్పుడు పరీక్షకు సినిమా పాట కంటే తని ఆవర్తనం పట్టుకెళ్లమంటాను. వినే బిగ్గదనం కూడా ఇంట్లో వినేంతే పెట్టండి. చెవి తక్కువ శబ్దంలో మంద్రాన్ని పట్టించుకోదని 1933లో ఫ్లెచర్, మున్సన్ కొలిచి చూపించారు. 1000 కంపనాల స్వరం 40 డెసిబెల్స్ దగ్గర ఎంత బిగ్గరగా అనిపిస్తుందో, 100 కంపనాల స్వరం అంత అనిపించాలంటే సుమారు 64 కావాలి. షాపులో బిగ్గరగా పెట్టి వినిపించిన స్పీకర్ రాత్రి ఇంట్లో నెమ్మదిగా పెడితే డొల్లగా అనిపించడానికి ఇదొక కారణం.

ఇక బల్ల. చిన్న స్పీకర్ పేరు చెడగొట్టేది చాలాసార్లు అదే. స్పీకర్ శబ్దం చెవికి నేరుగా ఒకసారి వస్తుంది, బల్ల మీద పడి ఎగిరి ఇంకోసారి వస్తుంది. నా బల్ల దగ్గర టేపు పెట్టి కొలిచాను. వూఫర్ బల్లకు 12 సెంటీమీటర్ల ఎత్తులో, చెవి 45 సెంటీమీటర్ల ఎత్తులో, మధ్య దూరం 65. నేరు దారి 73 సెంటీమీటర్లు, బల్ల మీదుగా 86న్నర. తేడా పదమూడున్నర. 27 సెంటీమీటర్ల పొడవున్న తరంగానికి అది సరిగ్గా సగం, అంటే సుమారు 1270 కంపనాల దగ్గర రెండు శబ్దాలూ ఎదురుబొదురై ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. అది గొంతు స్పష్టత ఉండే చోటు. ఎంత ఖరీదైన స్పీకరైనా ఈ లెక్క నుంచి తప్పించుకోలేదు. వూఫర్ 30 సెంటీమీటర్ల ఎత్తుకు వచ్చేలా లేపితే ఆ గుంట 530 కంపనాల దగ్గరికి దిగుతుంది. బల్ల మీదికి శబ్దం మరింత వాలుగా వెళ్లాల్సి వస్తుంది కాబట్టి ఎగిరొచ్చేదాని పదునూ తగ్గుతుంది. నేను రెండు ఇటుకలకు పాత చీర ముక్క చుట్టి వాటి మీద పెట్టి, ముఖం చెవి వైపు కాస్త వాల్చాను. గాయని మాటల్లో ‘శ’కూ ‘ష’కూ తేడా ఆ పూటే వినిపించింది. స్పీకర్ వెనక గోడకు మరీ ఆనించవద్దు, మంద్రం ఉబ్బి గుబగుబలాడుతుంది.

కంప్యూటర్ ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో సన్నటి గుయ్యిమనే రొద మొదలైతే భయపడనక్కర్లేదు. కంప్యూటరూ స్పీకరూ వేర్వేరు దారుల్లో ఎర్త్‌కు కలిసినప్పుడు ఆ చుట్టులో పారే చిన్న కరెంటే చాలాసార్లు కారణం. రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. రొద పోతుందని ఎర్త్ పిన్ విరిచేసేవారున్నారు, అది ప్రాణాపాయం, ఎప్పుడూ చేయకూడదు.

బల్ల మీద శబ్దం ఎక్కడ పడి ఎగురుతోందో కనిపెట్టడానికి చేతి అద్దం చాలు. రోజూ కూర్చునేలా కూర్చుని, ఇంట్లో ఎవరినైనా అద్దాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి స్పీకర్ వైపు నుంచి మీ వైపు మెల్లగా జరపమనండి. అద్దంలో మీకు ట్వీటర్ (స్పీకర్‌లో పైస్వరాలు పలికే చిన్న భాగం) కనిపించిన చోటే అది. అక్కడ మందపాటి టవలు మడిచి పరవండి. పైస్వరాల పదునును అది కొంత పీల్చుకుంటుంది, 1270 దగ్గరి గుంటను మాత్రం పూడ్చలేదు. దానికి ఇటుకలే కావాలి.